ఆ కిటికీ తీసిందెవరు

దయ్యాలంటే నాకు ఒళ్లు మంట. భయం కాదు, మంటే. ఉద్యోగమంతా ప్రొద్దుటూరులో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని. ఒకసారి ల్యాబు గదిలో ఎవరో మూలుగుతున్నారని పిల్లలు బడి మానేస్తే, ఆ గదిలోనే కుర్చీ వేసుకుని పరీక్ష పేపర్లు దిద్దాను. చివరికి అటక మీద పావురం గూడు దొరికింది. దాన్ని చేతిలో పట్టుకుని క్లాసు క్లాసుకూ తిరిగి చూపించాను.

ఇప్పుడు చెప్పబోయే దానికి కూడా ఎక్కడో ఒక పావురం గూడు దొరుకుతుందని ఇన్నేళ్లూ వెతికాను. దొరకలేదు. అందుకే రాస్తున్నాను. ఇది రాత్రి జరిగింది కాదు, చెట్టు కింద జరిగింది కాదు. పొద్దెక్కాక, మందుల వాసన వేసే గదిలో జరిగింది.

మాది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. పేరు చెప్పను. రెండు వైపుల వాళ్లూ ఇంకా అక్కడే బతుకుతున్నారు. ఆ రోజుల్లో మా ఊరు రెండు పార్టీలు. పార్టీ అంటే జెండా ఒక్కటే కాదు. ఎవరి అంగట్లో టీ తాగాలి, ఎవరి ట్రాక్టరు పిలవాలి, ఎవరింటి చావుకు పోవాలి, అన్నీ పార్టీయే చెప్పేది. మా అన్న గంగాధర ఒక పార్టీకి ఊళ్లో ముఖ్యమైన మనిషి. మా నాయన ఓబులేసు ఏ పార్టీకీ అక్కరకు రాని మనిషి. ఆయన లోకమంతా చేను, ఎద్దులు, మీసం.

మీసం గురించి చెప్పాలి. తెల్లగా, దట్టంగా, చెంపల దాకా ఉండేది. పొద్దున్నే నూనె రాసి దువ్వుకునేవాడు. ఏదైనా ఆలోచించాలంటే చెయ్యి తనంతట తానే మీసం మీదికి పోయేది. మా అమ్మ బతికున్న రోజుల్లో, నా మొహం కంటే దాని మొహమే ఎక్కువ చూస్తాడు మీ నాయన, అని దెప్పేది.

ఆయనకు చెన్నకేశవులు అని ఒక స్నేహితుడుండేవాడు. ఇద్దరి చేలకూ గట్టు ఒక్కటే. చిన్నప్పటి నుంచీ తెల్లారగానే కలిసి చేనుకు పోయేవాళ్లు. ఊరు రెండుగా చీలాక కేశవులు కొడుకులు అవతలి పార్టీలో చేరారు. ఇక ఈ ఇద్దరు ముసలాళ్లూ మాట్లాడుకోకూడదు. మాట్లాడుతున్నట్టు కనబడితే రెండు ఇళ్లకూ చెడ్డపేరు. వాళ్లు దానికి ఒక ఉపాయం చేసుకున్నారు. పొద్దున్నే గట్టుకు అటు పక్క నుంచి కేశవులు రెండుసార్లు దగ్గేవాడు. ఇటు పక్క నుంచి మా నాయన రెండుసార్లు దగ్గేవాడు. అంతటితో ఆ రోజు పలకరింపు అయిపోయేది. దగ్గుకు పార్టీ లేదు కదా.

అవతలి పార్టీ మనిషినొకణ్ణి ఎర్రగుంట్ల రోడ్డులో చంపారు. మా అన్నకు అందులో చెయ్యి ఉందో లేదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. బదులు తీర్చుకుంటారని మాత్రం ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. బదులంటే చేసినవాణ్ణే చంపాలని ఏమీ లేదు. చేతికి దొరికినవాణ్ణి చంపుతారు. సరిగ్గా ఆ సమయంలోనే మా నాయన దొడ్లో కాలు జారి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు.

ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకొచ్చాం. చీటీ రాసే ఆయన తలెత్తకుండానే "ఏం పేరు రాయమంటారు?" అన్నాడు. పేరేమిటి అని అడగలేదు. ఆ కాలంలో మా వైపు ఆ రెండు ప్రశ్నలూ వేరు. మా అన్న తడుముకోకుండా "సుబ్బరాయుడు, చాపాడు" అన్నాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. అందులో నాకు ఏ వింతా కనబడలేదు. మా వైపు పార్టీ మనుషులు ఆస్పత్రిలో చేరితే అలాగే చేరేవాళ్లు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మా నాయనకు వార్డులో మంచం ఇవ్వనీయలేదు మా అన్న. వెనక వైపు సెలైన్ పెట్టెలు పెట్టుకునే గది ఒకటి ఖాళీ చేయించాడు. దానికి ఒకటే తలుపు, సందులోకి ఒకటే కిటికీ. ఆ కిటికీ గడియ తుప్పు పట్టి ఉంటే, అది చాలదని బైండింగ్ వైరుతో బిగించి కట్టించాడు. పగలంతా ట్యూబ్‌లైటు వెలుగుతూ ఉండేది. తలుపు బయట మా అన్న మనిషి మాబు స్టూలు వేసుకుని కూర్చునేవాడు. మాబు తప్ప మిగతా కాపలావాళ్లు పూటకొకరు మారేవాళ్లు. వాళ్లెవరో మా నాయనకు తెలీదు.

మా నాయన నల్లఫ్రేము కళ్లద్దాలు తీసి సంచిలో పెట్టేశారు. ఆ అద్దాలతో చూస్తే ఎవరైనా గుర్తుపడతారని. తర్వాత ఎర్రగుంట్ల నుంచి ఒక మంగలిని పిలిపించి మీసం తీయించారు. నేను వచ్చేసరికి అయిపోయింది. ఆ మొహం చూసి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. కన్నకూతురికే ఎవరో పరాయి ముసలాయన పడుకున్నట్టు అనిపించింది.

నన్ను గదిలో ఉండనివ్వలేదు. "ఊర్లో సగం మంది ఆడపిల్లోళ్లు నీ దగ్గర సదువుకున్నోళ్లే. నువ్వు ఈడ కూసుంటే ఇంగ బోర్డు రాసి పెట్టినట్టే," అన్నాడు మా అన్న. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, వెనక సందు నుంచి వచ్చి ఒక గంట ఉండిపోవాలి. మా అన్న కూడా ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు. ఆయనకు రావాలని లేక కాదు. ఆయన వస్తే వెనకాల ఎవరొస్తారో తెలీదు.

ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజులకే మా నాయన మారిపోయాడు. దుప్పటి మీద చీమలున్నాయని ఏరేవాడు. కాలు కదపకూడదన్నా లేచి నీళ్లు కట్టడానికి పోవాలని పెనుగులాడేవాడు. చెయ్యి మీసం కోసం పైపెదవి మీదికి పోయేది. అక్కడేమీ తగలక వేళ్లు చెంపంతా వెతికేవి. నేను వచ్చినా నా వైపు చూసేవాడు కాదు. ఏ సాయంత్రమో కాసేపు బాగా మాట్లాడేవాడు, అంతలోనే మాట జారిపోయేది.

ఎవరు పేరు అడిగినా సుబ్బరాయుడని చెప్పమని కాపలావాళ్లు ఆయనకు నేర్పారు. ఒక సాయంత్రం నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. చెవిలో మెల్లగా అన్నాడు.

"ఈ సుబ్బరాయుడు ఎవరమ్మా? పాపం ఆయప్పకు కాలు శానా నొస్తాండాదంట. వాళ్లోళ్లు ఒక్కరూ రాల్యా."

నాకు ఏడుపు ఆగలేదు. బయటికొచ్చి గోడకు తల ఆనించి ఏడ్చాను. మాబు లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలీక, తన నీళ్ల చెంబు నా ముందు పెట్టాడు.

ఆస్పత్రిలో గుంటూరు వైపు నుంచి వచ్చిన డాక్టరమ్మ ఉండేది. వయసులో చిన్నది. ముసలితనం, మతిమరుపు అని నేను అంటుంటే ఆమె ఒప్పుకోలేదు. "పడిపోకముందు ఆయన బాగున్నారు కదండీ? మతిమరుపు ఏళ్ల తరబడి వస్తుంది, ఇది రెండు రోజుల్లో వచ్చింది. దీన్ని డెలిరియం అంటాం. మీ పెద్దవాళ్లు సన్నిపాతం అనేది కూడా ఇంచుమించు ఇదే," అంది.

ఆమె మా నాయన దగ్గర కూర్చుని వారాల పేర్లు ఆదివారం నుంచి వెనక్కి చెప్పమంది. శనివారం అన్నాడు, తర్వాత మా ఎద్దు పేరు చెప్పాడు. చూశారా, మనసు ఒకచోట నిలవడం లేదు, అదే గుర్తు అంది. ఒళ్లు కాలుతుందేమో, మూత్రం సరిగా పోతుందో లేదో, నొప్పి మందు ఎక్కువైందేమో అన్నీ చూసి మందులు మార్చింది. తర్వాత నన్ను బయటికి పిలిచి అసలు మాట చెప్పింది.

"మందులతో అయ్యేది కొంతేనండీ. కిటికీ తీయండి, పగలో రాత్రో ఆయనకు తెలియాలి. కళ్లద్దాలు పెట్టండి. నీళ్లు అడిగి అడిగి తాగించండి. తెలిసిన మనిషి ఒక్కరు దగ్గరుండి, ఇది ఫలానా ఊరు, ఈరోజు ఫలానా వారం అని చెబుతూ ఉండాలి. మాటిమాటికీ మనుషుల్నీ గదుల్నీ మార్చకండి. అన్నిటికంటే ముందు, పేరు పెట్టి పిలవండి."

ఆమె చెప్పిన ప్రతి ఒక్కటీ, ఆయన ప్రాణం కాపాడాలని మేము తీసేసిందే. ఆమె సుబ్బరాయుడుగారూ అని ప్రేమగా పిలుస్తుంటే మా నాయన ఆ మాటకు అటు తిరిగి గోడ వైపు చూశాడు. ఆ పేరు ఆయనది కాదని ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇంకో మాట కూడా చెప్పింది. గోల చేసేవాళ్లను అందరూ గమనిస్తారట. చప్పుడు లేకుండా పడుకున్నవాళ్లను చూసి హాయిగా నిద్రపోతున్నారు అనుకుంటారట. ఆయన గోల మానేసి గమ్మున పడుకుంటే బాగుపడ్డాడని అనుకోకండి, అప్పుడు నన్ను పిలవండి అంది.

ఆ రోజే మా అన్నకు కబురు పెట్టి రప్పించాను. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. ఆయన తలొంచుకుని విన్నాడు. మూర్ఖుడేమీ కాదు మా అన్న. నాయనంటే నాకంటే ఆయనకే ఎక్కువ ప్రేమ.

"మతి పోతే రేపన్నా తిరిగొస్తాదేమో, సుగుణా. పానం పోతే వస్తాదా?" అన్నాడు. "ఆ కిటికీలోంచి ఒగ బాంబు ఏస్తే నీ డాక్టరమ్మ అడ్డం నిలబడతాదా?"

ఆయన చెప్పిందీ నిజమే, ఆమె చెప్పిందీ నిజమే. ఈ రెండు నిజాల మధ్య మా నాయన పడుకుని దుప్పటి మీద చీమలు ఏరుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున నేను వెనక సందు నుంచి వచ్చాను. తలుపు బయట మాబు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మేమిద్దరం ఏదో మాట్లాడుతుంటే లోపలి నుంచి దగ్గు వినబడింది. రెండుసార్లు దగ్గి ఆగింది. ఒక్క క్షణానికి మళ్లీ రెండుసార్లు. మొదటి దగ్గు మా నాయనది కాదు. ఆ సంగతి అప్పుడు నేను పట్టించుకోలేదు, పక్క గదిలోంచి వచ్చిందనుకున్నాను.

తలుపు తోసేసరికి ఎండ నా మొహాన కొట్టింది. కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసి ఉన్నాయి. సందులో నేతవాళ్లు పచ్చ నూలు పడుగును ఈ చివర నుంచి ఆ చివరకు సాపి ఉంచారు, దాని మీద ఎండ పడి గదంతా పచ్చగా ఉంది. మా నాయన దిండుకు ఆనుకుని కళ్లద్దాలు పెట్టుకుని ఆ పడుగు వైపు చూస్తున్నాడు. పక్కన నీళ్ల గ్లాసు ఖాళీ. నన్ను చూసి నవ్వాడు.

"సుగుణమ్మా, ఈ దినం బేస్తవారం గదా, బడి ల్యాదా నీకు?"

అది నిజంగానే గురువారం. పడిపోయిన తర్వాత ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. నేను మంచం పక్కన కూలబడి ఆయన చెయ్యి పట్టుకున్నాను. వారాలు వెనక్కి చెప్పమంటే చకచకా చెప్పాడు. నేనేమన్నా ఒకటో తరగతి పిల్లోణ్ణా అని కసిరాడు కూడా. ఆ కసురు విని నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

కిటికీకి కట్టిన వైరు తెగలేదు. మెలికలన్నీ విప్పి, చుట్ట చుట్టి, కిటికీ అంచు మీద పెట్టి ఉంది. మొదట దాన్ని కట్టింది మాబే, పట్టకారుతో బిగించి. అతను వైరు చుట్టను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "అక్కా, అల్లా తోడు, తెల్లార్నుంచి నేను లేయల్యా. లోపలికి చీమ పోల్యా," అన్నాడు. మా నాయన లేచి తీసే ప్రశ్నే లేదు. కాలికి బరువు కట్టి ఉంది. నర్సును అడిగాను, ఊడ్చే ఆమెను అడిగాను. ఎవరూ ముట్టుకోలేదన్నారు. సంచిలో అడుగున పెట్టిన కళ్లద్దాలు ఎవరు తీశారో కూడా తేలలేదు.

డాక్టరమ్మ వచ్చి చూసి ఎంతో మెచ్చుకుంది. అన్నీ నేను చెప్పినట్టే చేశారే అంది. నేను తల ఊపాను.

మాబు భయపడ్డాడు. ఈ సంగతి మా అన్నకు తెలిస్తే కాపలాలో నిద్రపోయావని తనను బతకనీయడని. అతన్ని చూసి నేనూ అన్నకు చెప్పలేదు. సాయంత్రం వైరు మళ్లీ బిగించాడు. మరునాడు పొద్దున మళ్లీ కిటికీ తీసి ఉంది, వైరు చుట్ట చుట్టి ఉంది, మా నాయన తెలివిగా ఉన్నాడు. ఆ తర్వాతి పొద్దూ అంతే. సాయంత్రానికి కొంచెం మసకబారేవాడు. పొద్దున్నే మళ్లీ మా నాయన మా నాయనే. ఈ జబ్బులో మనిషి పూటకొక రకంగా ఉంటాడని డాక్టరమ్మ చెప్పే ఉంది కాబట్టి అంత వరకు నాకు ఆశ్చర్యం లేదు. కిటికీ సంగతే అంతుపట్టలేదు. కానీ నిజం చెప్పాలంటే, నేను గట్టిగా వెతకలేదు. ఎవరైతేనేం, ఆయన నన్ను పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఇంకొన్ని రోజులు ఇలాగే గడిస్తే కర్ర పట్టుకుని నడిపించుకుని ఇంటికి తీసుకుపోదామని డాక్టరమ్మ కూడా అంది.

అంతలో మా అన్న వచ్చాడు. పొద్దున్నే, చెప్పాపెట్టకుండా. నాయన తేరుకున్నాడని మాబు ద్వారా విని చూడాలని ఆగలేక వచ్చాడు. కిటికీ చూసి మొహం మారింది గాని, మా నాయన గంగాధరా అని పిలిచేసరికి అన్నీ మరిచి మంచం మీద కూర్చున్నాడు. ఇద్దరూ చేను గురించి, ఎద్దుల గురించి మాట్లాడుకున్నారు. మా అన్న కళ్లనిండా నీళ్లు. ఆ గదిలో మేము ముగ్గురం సంతోషంగా ఉన్నది ఆ కాసేపే.

"ఈ కిటికీ ఎవురు తీసినారు నాయనా?" అన్నాడు మా అన్న చివరికి.

"కేశవులు," అన్నాడు మా నాయన. ఎంత మామూలుగా అన్నాడంటే, రోజూ పాలు పోసే మనిషి గురించి చెప్పినట్టు. "పొద్దన్నే వస్తాండాడు. కిటికీ తీసి, అద్దాలు పెట్టి, నీళ్లు తాపి, ఏ వారమో చెప్పిపోతాడు. ఓబులేసూ అని పిలుస్తాడు. మీరెవురూ పిలవరు గదా."

మా అన్న లేచి నిలబడ్డాడు. అవతలి పార్టీ వాళ్ల నాయన ఈ గదిలోకి వచ్చిపోతున్నాడు అంటే, అవతలి పార్టీకి ఈ గది తెలుసు, ఈ పేరు తెలుసు. నేను అడ్డం పడ్డాను. చంపాలనుకునేవాళ్లు నీళ్లెందుకు తాపుతారు, ఇదంతా నాయన ఊహ కావచ్చు, జబ్బులో లేనివాళ్లు కనబడతారు అని మొత్తుకున్నాను. "ఊహ వైరు విప్పుతాదా?" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే మా నాయనను పులివెందులకు తరలించారు. అక్కడ మా వదిన పుట్టింటి వీధిలో ఒక చిన్న ఆస్పత్రి ఉంది. డాక్టరమ్మ వద్దని చెప్పింది, ఇప్పుడు చోటు మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది అంది. కదిలిస్తే మీదే బాధ్యత అంది. మా అన్న చేతులు జోడించాడు గాని ఆగలేదు. వ్యానులోకి ఎక్కిస్తుంటే మా నాయన ఒక్కటే అడిగాడు.

"కేశవులుకు చెప్పినారా? రేపు పొద్దన వచ్చి చూసుకుంటాడే."

నేను చెప్తాలే నాయనా అన్నాను.

పులివెందులలో ఆయనకు ఇంకో పేరు రాయించారు. ఆ గదికి అసలు కిటికీయే లేదు. దారిపొడవునా అటూ ఇటూ చూస్తూ వచ్చిన మనిషి, అక్కడ పడుకోబెట్టాక కళ్లు మూసుకున్నాడు. గోల లేదు, చీమలు ఏరడం లేదు. మా వదినవాళ్లు, ఎంత నెమ్మదిగా నిద్రపోతున్నాడో చూడు, ఈ చోటు బాగా కుదిరింది అన్నారు. నాకు డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. అక్కడి డాక్టరుకు చెప్పాను. ఆయన నాడి చూసి, పెద్ద వయసు కదమ్మా, రెస్టు తీసుకోనీ అని వెళ్లిపోయాడు.

ఈసారి ఎవరేమన్నా నేను కదల్లేదు. బడికి సెలవు పెట్టి ఆయన పక్కనే కూర్చున్నాను. కేశవులు చేసినవన్నీ చేశాను. కళ్లద్దాలు తుడిచి పెట్టాను. చెంచాతో నీళ్లు తాగించాను, సగం బయటికే వచ్చేవి. మంచాన్ని తలుపు దగ్గరికి జరిపించి వరండా వెలుతురు పడేలా చేశాను. నాయనా, ఇది పులివెందుల, ఈరోజు ఆదివారం, నేను సుగుణను అని చెబుతూనే ఉన్నాను. చివరికి వదిన కంగారు పడుతున్నా లెక్క చెయ్యకుండా ఓబులేసూ, ఓబులేసూ అని గట్టిగా పిలిచాను. కన్నతండ్రిని పేరు పెట్టి పిలవడం నాకదే మొదలు, అదే చివర.

ఒకసారి కళ్లు తెరిచాడు. వారాలు వెనక్కి చెప్పు నాయనా అన్నాను. ఆదివారం, శనివారం, శుక్రవారం, బేస్తవారం అన్నాడు. అక్కడ ఆగి గోడ వైపు తిరిగాడు. కిటికీ కోసం చూస్తున్నాడని నాకు అర్థమైంది. ఆ తర్వాత మాట్లాడలేదు. ఆ వారంలోనే పోయాడు. నన్ను పేరు పెట్టి పిలవలేదు.

మా అన్న శవం కాళ్ల దగ్గర కూర్చుని, ఆ పైపెదవి మీద మొలిచిన తెల్ల వెంట్రుకలు చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు.

తర్వాత కాలం మారింది. ఎవరికోసం మా ఊళ్లో మనుషులు చచ్చారో ఆ పెద్దలిద్దరూ ఒక ఎన్నికల ముందు ఒకే జెండా కిందికి చేరారు. ఒకే మాలలో రెండు తలలు పెట్టి ఫోటో తీయించుకున్నారు. ఊళ్లో రాజీ అన్నారు. ఇక ఎవరింటికి ఎవరైనా పోవచ్చు. అంత సులువుగా అయిపోయేదానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందని అడిగినవాళ్లు లేరు.

ఆ రాజీ తర్వాత ఊళ్లో జరిగిన మొదటి పెళ్లికి పోయాను. బంతిలో నా పక్కన చెన్నకేశవులు భార్య నాగమ్మ వచ్చి కూర్చుంది. చిన్నప్పుడు ఆమె చేతి రొట్టెలు తిని పెరిగినదాన్ని. ఎన్నో ఏళ్ల తర్వాత పలకరింపు. కేశవులు మామ పోయారని విన్నాను, ఎప్పుడు పోయారు అని అడిగాను.

"మీ నాయన కంటే నాలుగు దినాలు ముందు," అంది. "పచ్చవాతం వచ్చి ఒగ పక్కంతా పడిపాయె. జమ్మలమడుగు ఆస్పత్రిలో ఉండ్య. మంచం మీద పక్కకు తిరగాలంటే నేనూ నా కొడుకూ పట్టి తిప్పాల్సిందే."

నేను అన్నం కలపడం ఆపేశాను. మా నాయన పడినప్పటి నుంచే ఆయనా ఆస్పత్రిలోనే ఉన్నాడని, మా వైపు వాళ్లకు తెలియకుండా దాచారని, బయటికి ఒక్క అడుగు వేసింది లేదని ఆమె తానుగానే చెప్పింది.

"తలకాయ గూడా సరిగ్గా ల్యాకుండ్య పాపా. ఏందేందో మాట్లాడ్తాండ్య. పొద్దన్నే లేసి, ఓబులేసు దగ్గరికి పోయొచ్చినా అంటాండ్య. వానికి మీసం తీసేసినారు నాగీ, మొగం చూళ్లేకపోతి, అని ఒగటే ఏడ్సు. కిటికీ తీస్తే సందులో పచ్చ నూలు సాపినారు, శానా బాగుండాది, ఓబులేసుకు చూపిచ్చినా, అనె. మేం పిచ్చి మాటల్యా అని ఊరుకుంటిమి. మీ నాయనను ఊర్లోకి తెచ్చి మా వాకిలి ముందర తీస్కపోతాంటే మీసం ల్యాకుండా చూసి నాకు కాళ్లు సేతులు ఆడల్యా."

మీసం తీసిన సంగతి మా ముగ్గురికీ, మాబుకూ, మిగతా కాపలావాళ్లకూ, ఆ మంగలికీ తప్ప తెలీదు. పోనీ, ఎలాగో ఊళ్లోకి పొక్కి ఉండొచ్చు. అలాంటివి పొక్కుతాయి. కానీ ఆ కిటికీ తీస్తే పచ్చ నూలు కనబడుతుందని చెప్పాలంటే ఆ గదిలో నిలబడి చూసి ఉండాలి. ఆస్పత్రి వాళ్లు కాక దాన్ని చూసింది మా నాయన, నేను, మా అన్న, మాబు. నేనెవరికీ చెప్పలేదు, మా అన్న అవతలి వాళ్లకు చెప్పే మనిషి కాదు. మాబు ఆ తర్వాత కువైట్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయాడు. ఉత్తరం రాసి అడిగితే, ఆ గది గురించి ఎవరితోనూ నోరెత్తలేదని ప్రమాణం చేశాడు.

ఇద్దరికీ ఒకే జబ్బు. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు మంచాల మీద మతి తప్పిన ముసలాళ్లు ఏదో చూశారు, ఏదో మాట్లాడారు. విడివిడిగా ఒక్కొక్కరిది తీసుకుంటే నా దగ్గర వివరణ ఉంది. బోర్డు మీద రాసి పిల్లలకు చెప్పగలను. ఇద్దరివీ పక్కపక్కన పెడితే మాత్రం నా సైన్సు అక్కడే ఆగిపోతుంది. ఆ వైరు చుట్ట ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పారెయ్యలేకపోయాను.

నాగమ్మ చెప్పిన చివరి మాట ఇంకా చెప్పలేదు. ఆమె లేవబోతూ చెప్పింది. కేశవులు పోయే ముందు రోజు పొద్దున లేచి, ఎప్పటిలా ఏడవకుండా, కోపంగా అందర్నీ అడిగాడట.

"పోయి చూస్తే మంచం కాళీగా ఉండాది. యాడికి తీస్కపోయినారు వాన్ని? ఎవుర్ని అడిగినా, ఓబులేసు అనే మనిషి ఈడ ల్యాడు, ఈ ఆస్పత్రికి రానేల్యా అంటాండారు."

ఆ ఆస్పత్రి వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లను ఎవరైనా నిజంగా అడిగి ఉంటే, అదే చెప్పి ఉండేవాళ్లు.